తేదీ సముద్రం చెప్పాలి

మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం రాత్రి. అన్నాలు తిని వసారాలో కూర్చున్నాం. మా ఆయన ఫోన్ నా వైపు తిప్పి, "శుక్రవారం నుంచి నాలుగు దినాలు శ్రీలంక వెలిగామలో అలలు బాగుండేటట్టుండాయి. పోదామా?" అన్నారు. చలికాలపు రొయ్యల పంట పట్టుబడి అయిపోయి, చెరువు ఎండబెట్టిన రోజులవి. మళ్లీ నీళ్లు పెట్టడానికి రెండు వారాల టైముంది. ఫోన్‌లో అంకెలు చూశాను. అల ఎత్తు మీటరు లోపు. అలకూ అలకూ మధ్య 14 సెకన్లు. పొద్దుటి పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు. "పోదాం" అన్నాను. గురువారం రాత్రికి ఇద్దరం చెన్నై విమానాశ్రయంలో ఉన్నాం.

బుధవారం పొద్దున ఈ సంగతి వినగానే అత్తయ్య మనసు కష్టపెట్టుకున్నారు. "పక్కూరి పెళ్లికి పోవాలన్నా పది దినాల ముందు అనుకుంటామే. రెండు దినాల్లో దేశం దాటిపోవడమేందమ్మా?" అన్నారు. ఆ మాటలో న్యాయముంది. ఆ తొందరలో ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం ఇక్కడ రాస్తున్నది ఆ జవాబే.

మేం పోయింది సర్ఫింగ్‌కు. సర్ఫింగ్ అంటే పలక మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయి, విరగబోయే అలను అందుకుని, దాని మీద లేచి నిలబడి ఒడ్డు వైపు సాగిరావడం. చెన్నై దగ్గర కోవళంలో మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ ఒక సర్ఫింగ్ బడి పెట్టి, తన ఊరి పిల్లలకు నేర్పాడు. ఆ కోవళం తీరంలోనే మేమిద్దరం నలభై దాటాక మొదటి పాఠాలు నేర్చుకున్నాం. నేర్పేవాళ్లు మాకు మొదట చెప్పింది పలక గురించి కాదు. ఒడ్డున కూర్చుని అరగంటసేపు అలలు చూడమన్నారు.

ఆ పాఠం నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు రేవులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తెల్లవారుజామున పడవ ముక్కు సముద్రం వైపు తిప్పి పెడతారు. అటు నలుగురు, ఇటు నలుగురు పడవ అంచు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడతారు. ఎవరూ మాట్లాడరు. పెద్ద అలలు మూడో నాలుగో వరసగా వచ్చి విరుగుతాయి. అవి పోయాక నీళ్లు కాసేపు చదునవుతాయి. అప్పుడు చుక్కాని దగ్గరున్న పెద్దాయన ఒక్క కేక వేస్తాడు. అందరూ ఒక్క ఊపున తోస్తారు. ఆ అరనిమిషం తప్పితే పడవ బోల్తా పడుతుంది. ఒకసారి ఒక పెద్దాయనను "రేపు వేటకు పోతారా?" అని అడిగాను. "సముద్రం దగ్గర ముందునాటి మాట చెల్లదమ్మా. పొద్దున చూసి చెప్తాను" అన్నాడు. ఆయన వలలు మాత్రం రాత్రే బాగుచేసి పెట్టి ఉన్నాయి. డీజిల్ డబ్బా నిండి ఉంది.

మా ప్రయాణం కిటుకు మొత్తం ఆ మాటలో ఉంది. తేదీ ముందుగా పెట్టకూడదు. మిగిలినవన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

తేదీ ఎందుకు పెట్టకూడదంటే, శ్రీలంక దక్షిణ తీరాన విరిగే మంచి అల అక్కడ పుట్టదు. ఎక్కడో అంటార్కిటికాకు దగ్గరగా, దక్షిణ మహాసముద్రంలో వీచిన తుపాను గాలులకు పుడుతుంది. వేల కిలోమీటర్లు నడిచి, దారిలో చిన్నాచితకా అలలను వెనక వదిలేసి, వరసలు కట్టుకుని వస్తుంది. అలకూ అలకూ మధ్య వ్యవధి ఎంత ఎక్కువుంటే అది అంత దూరం నుంచి, అంత బలంతో వచ్చినట్టు. ఆ నడకకు అయిదారు రోజులు పడుతుంది. అందుకే అలల గురించి వారం ముందు చెప్పే మాట నమ్మొచ్చు, రెండు నెలల ముందు ఎవరూ చెప్పలేరు. తీరం గాలి సంగతి ఇంకా కష్టం, రెండు మూడు రోజుల ముందు గానీ తేలదు. మంగళవారం రాత్రి మేం "పోదాం" అనుకునేసరికే మా అల బయల్దేరి సగం దారి వచ్చేసి ఉంది. దాన్ని అందుకోవడానికి మాకు మిగిలింది రెండు రోజులే.

రుతువు మాత్రం ముందే తెలుసు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా శ్రీలంక దక్షిణ, పడమటి తీరాలు: వెలిగామ, హిక్కడువ. మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పున అరుగం బే. అంటే పోవలసిన ఊరు నెలను బట్టి ముందే ఖాయం, రోజు ఒక్కటే ఖాళీగా ఉంచాలి.

ఇక ముందే సిద్ధంగా ఉండవలసినవి. ఒక దెబ్బ తిని నేర్చుకున్నాం. రెండేళ్ల కిందట ఇలాగే బయల్దేరబోతే, మా ఆయన పాస్‌పోర్టు గడువు నాలుగు నెలలే మిగిలి ఉంది. ఆరు నెలలైనా ఉండాలన్నది నియమం. అల వచ్చి వెళ్లిపోయింది, మేం ఇంట్లో ఉన్నాం. అప్పటి నుంచి ఉగాదికి పంచాంగం తెచ్చుకున్న రోజే పాస్‌పోర్టులు బయటికి తీసి తేదీలు చూసుకుంటున్నాం. తత్కాల్‌లో 36 పేజీల పాస్‌పోర్టుకు మొత్తం 3,500 రూపాయలు, మామూలు దరఖాస్తుకు 1,500. ముందుచూపు ఉంటే ఆ 2,000 మిగులుతాయి. శ్రీలంక ప్రవేశ అనుమతి ఈటీఏ ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ఆ నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ ఆ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూస్తాం. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు సర్ఫింగ్ ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చదివి గానీ డబ్బు కట్టం. పలక మోసుకుపోం, అక్కడే అద్దెకు దొరుకుతుంది. ఇద్దరికీ కలిపి ఒక్క సంచి: పొడుగు చేతుల ఈత చొక్కాలు, ముఖానికి రాసుకునే జింకు పూత, పగడపు గీతలకు మందు, చింతపండు పచ్చడి సీసా. ఆ సంచి ఏడాది పొడుగునా బీరువా పక్కనే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు సిద్ధం కావలసింది ఈత. ఆయన చిన్నప్పుడు కాలవలో ఈదినవారు. నేను 36వ ఏట నెల్లూరులో నేర్చుకున్నాను. కాలవలో వచ్చిన ఈతకు, సముద్రపు ఈతకు చాలా తేడా ఉంది. కార్తీక పౌర్ణమికి వేలమంది మునిగే మైపాడులో ఏటా వినే దుఃఖాలకు కారణం చాలాసార్లు ఆ తేడాయే. ఒడ్డు నుంచి లోపలికి లాగే నీటి పాయలో చిక్కితే దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుకుంటూ పాయ దాటి, తర్వాత ఒడ్డుకు తిరగాలి. ఈ ఒక్క వాక్యం కంఠతా వచ్చేదాకా మేం పలక ముట్టలేదు.

భార్యాభర్తలు కలిసి పోవడంలో ఇంకో చిక్కుంది. ఇద్దరి సత్తా ఒకటి కాదు. ఆయన చేతులకు బలముంది, నాకు ఓపికుంది. ఆయనకు నచ్చే అల నాకు భయం, నాకు సరిపోయే అల ఆయనకు చిన్నది. మొదటి ప్రయాణంలో ఈ సంగతి ఒప్పుకోక ఇద్దరం ముఖాలు మాడ్చుకుని తిరిగొచ్చాం. ఇప్పుడు మా ఒప్పందం ఇది: చోటు ఎంచుకునేది ఇద్దరిలో చిన్న అల కావలసినవాళ్లను బట్టి. పొద్దున ఇద్దరిలో ఎవరు "ఈరోజు వద్దు" అన్నా ఇద్దరం నీళ్లలో దిగం, ఎందుకని అడగం. రెండో సంగతి వినడానికి చిన్నది, పాటించడానికి పెద్దది. ఇరవై ఏళ్ల కాపురంలో కారణం అడగకుండా ఒకరి "వద్దు"ను ఇంకొకరు గౌరవించడం మాకు సముద్రమే నేర్పింది.

వెలిగామను ఎంచుకున్నదీ ఆ లెక్కతోనే. సింహళంలో వెలి అంటే ఇసుక, గామ అంటే మన గ్రామమే. ఇసుక ఊరు. దక్షిణానికి తెరుచుకున్న ఆ అఖాతంలో అడుగున రాయి కాదు, ఇసుక. పడినా ఒళ్లు గీసుకోదు. చెన్నై నుంచి కొలంబోకు గంట పైచిలుకు విమానం, అక్కడి నుంచి సముద్రం ఒడ్డునే సాగే మాతర రైలు.

ఆ రైలు హిక్కడువ చేరే ముందు పెరలియ అనే ఊరు దాటుతుంది. 2004 డిసెంబరు 26న అక్కడ ఆగి ఉన్న రైలును సునామీ ముంచెత్తి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అదే పొద్దున అదే సముద్రం మా తీరాన్నీ కొట్టింది. ఆ ఊరు దాటుతున్నప్పుడు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ విషాదం తర్వాతే, 2007లో, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. మన మత్స్యకారులకు అలల ఎత్తు, గాలి కబురు రోజూ చెప్పేదీ ఆ సంస్థే. ఏ ప్రయాణానికైనా ముందు మేం హెచ్చరికలు చూసుకునేదీ అక్కడే. వినోదానికి పోతున్నాం కదా అని సముద్రం మన మీద దయ తలచదు.

శనివారం పొద్దున ఆరున్నరకు నీళ్లలో దిగాం. తొమ్మిదడుగుల మెత్తటి పలక, దాని తాడు చీలమండకు కట్టి ఉంది. నడుం లోతులో నిలబడి వరస చూశాను. మూడు అలలు వదిలేశాను. నాలుగోది పలక తోకను పైకెత్తింది. రెండుసార్లు చెయ్యి వేసి, అరచేతులు ఆనించి లేచాను. పాదాల కింద పలక సన్నగా అదురుతోంది. చెవుల్లో గాలి తప్ప ఏమీ లేదు. ఏడెనిమిది సెకన్లు ఉంటుందేమో. ఒడ్డున ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నారు. వేల కిలోమీటర్లు నడిచొచ్చిన అల నా కాళ్ల దగ్గర నురగై ఇసుకలో ఇంకిపోయింది.

అత్తయ్యా, ఇదీ జవాబు. మేం రెండు రోజుల్లో పోలేదు. ఈత నేర్చుకున్న నాటి నుంచి, పాస్‌పోర్టు చూసుకున్న ఉగాది నుంచి పోతూనే ఉన్నాం. రెండు రోజుల్లో తేలింది తేదీ ఒక్కటే.

చదివే దంపతులకు ఒక మనవి. అలల మీద ఎక్కాలని లేకపోయినా సరే, ఈ రాత్రి పాస్‌పోర్టులు తీసి గడువు చూసుకోండి. ఇద్దరిలో ఈత రానివాళ్లు ఈ వేసవిలో నేర్చుకోండి. మైపాడుకు వచ్చినప్పుడు నీళ్లలో దిగే ముందు అరగంటసేపు ఒడ్డున పక్కపక్కన కూర్చుని అలలు చూడండి.