సీటు కింది పనితనం

బరంపురంలో పికప్ బండికి కరెంటు సీటు బిగించే వైరింగు మేస్త్రి పని చూస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బండితో వచ్చింది మీట లాగి జరుపుకునే సీటు. ఇప్పుడు పెట్టేది పాత కారులోంచి విప్పిన మోటార్ల సీటు. ముందుగా బ్యాటరీ మైనస్ విప్పేస్తాడు. ప్లస్ నుంచి లావుపాటి ఎర్ర వైరు లాగి, జానెడు దూరంలోనే ఫ్యూజు పెడతాడు. ఆ తర్వాత వైరు ఎక్కడ ఒరుసుకుని షార్టయినా పోవలసింది ఫ్యూజే, బండి కాదు. ఇంజను వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రానికి రబ్బరు తొడుగు లేనిదే వైరు దూర్చడు. ఎర్తు కోసం రంగు గీకి, ఇనుము తళతళలాడాకే బోల్టు బిగిస్తాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది సీటు కింద వైరుకు వదిలే వదులు. సీటును ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి చూసి, ఎక్కడా బిగుసుకోకుండా, పట్టాల మధ్య నలగకుండా కొలుచుకుని మరీ కడతాడు. స్విచ్చి ఒక వైపు నొక్కితే సీటు ముందుకు. రెండో వైపు నొక్కితే అదే మోటారుకు ప్లస్సు, మైనస్సు తారుమారై వెనక్కి. చివర్లో బరువైన మనిషిని కూర్చోబెట్టి నడిపిస్తూ, వైరు వేడెక్కుతోందేమోనని చేత్తో తడిమి చూస్తాడు. 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖ దాకా 250 కిలోమీటర్లకు పైగా తోలే డ్రైవరన్నకు నడుం పట్టేస్తే, పలాస దగ్గర టీకి ఆగినప్పుడు వీపు వెనక ఓ అంగుళం సర్దుకుంటాడు. అక్కడ స్టీరింగు మారి పొట్టి మనిషి ఎక్కినా, క్లచ్చి కాలికి అందుతుంది.