నీళ్ళకి దారి వదిలిన గోడ

ప్రిన్స్ ఆల్బర్ట్‌లో పెద్దవీధి పక్కన ఒక సన్నటి కాలవ పారుతుంది. దానికి అక్కడక్కడా ఇళ్ళవైపు చిన్న తూములు, తూముకి గాడిలో దిగే పలక. వంతు వచ్చిన ఇంటివాళ్ళు గడియారం చూసుకుంటూ వచ్చి పలక పైకి లాగుతారు. అంతదాకా వీధి వెంట తన మానాన పోతున్న నీళ్ళు మలుపు తిరిగి వాళ్ళ పెరట్లోకి, అంజూర చెట్ల పాదుల్లోకి వెళ్తాయి. వంతు నిమిషాల లెక్కన ఉంటుంది. అయిపోగానే పలక దించాలి. దించకపోతే దిగువింటి వాళ్ళు ఊరుకోరు. నీరుగంటి ఉన్న ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఈ తగవు కొత్తేమీ కాదు.

ఊరు దక్షిణాఫ్రికాలో, కేప్ టౌన్‌కి ఈశాన్యంగా 400 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. వెనక స్వార్ట్‌బర్గ్ కొండలు. ఆఫ్రికాన్స్ భాషలో ఆ మాటకి నల్లకొండ అని అర్థం. ముందు గ్రేట్ కరూ, కనుచూపు మేరా రాయీ తుప్పా. దక్షిణ సముద్రం మీంచి వచ్చే మబ్బుల్ని కొండలు అటువైపే పిండేసుకుంటాయి. ఇటు పడే వాన ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయినా ఊళ్ళో ఆలివ్‌లు, ఆప్రికాట్లు, ద్రాక్ష పండుతున్నాయంటే అది కొండ మీది నీటి చలవ. 1762లో జకరయాస్ డి బేర్ ఇక్కడ వ్యవసాయం పెట్టింది కూడా ఆ నీళ్ళని చూసే. విక్టోరియా రాణి భర్త పేరు ఊరికి 1845లో వచ్చింది. కేప్ కాలనీలో బానిసత్వం 1834 దాకా చట్టబద్ధం. తొలి కాలవలు తవ్విన చేతులు ఎవరివో ఆ తేదీని బట్టి ఊహించుకోవచ్చు.

కాలవల్లో పారే ఆ నీటిని ఊరివాళ్ళు ‘లెయ్‌వాటర్’ అంటారు, నడిపించుకొచ్చే నీళ్ళు అని. పేరులోనే పనితనం ఉంది. పంపు లేదు, మోటారు లేదు, ఉన్నదల్లా వాలు. వాలు ఎక్కువైతే నీళ్ళు కాలవ అడుగుని కోసేస్తాయి. తక్కువైతే ఒండ్రు పేరుకుని గడ్డి మొలుస్తుంది. ఈ రెండిటి మధ్య ఉన్న సన్నటి తేడాని ఊరి పొడుగునా నిలబెట్టుకు రావడం చూడ్డానికి చిన్న పనే. చేసి చూస్తే తెలుస్తుంది.

ఇళ్ళ ముఖాల సంగతి నీటితో సంబంధం లేనిదే, అయినా చెప్పకుండా దాటలేను. పైకప్పు కొసని కప్పుతూ లేచే త్రికోణపు గోడకి ఇక్కడ అంచులు తిన్నగా ఉండవు. ఒకచోట లోపలికి నొక్కినట్టు, ఆ పైన ఉబికినట్టు, మళ్ళీ నొక్కినట్టు వంపులు తిరుగుతాయి. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన ఈ గోడల్లో చాలావాటిని కారెల్ లోట్స్ అనే మేస్త్రి పనిగా చెబుతారు. తెల్లసున్నం మీద మధ్యాహ్నపు ఎండ పడ్డప్పుడు ఆ వంపుల కింద సన్నగా నీడ గీత పడుతుంది. అలంకారమంతా ఆ గీతే.

అసలు చూడవలసింది ఊరు దాటాక, కొండెక్కే దారిలో.

కొండలకి అవతలున్న ఊట్స్‌హోర్న్ ఊరికి పోవాలంటే ఒకప్పుడు నదులు కోసిన ఇరుకు లోయలే గతి. మైరింగ్స్‌పూర్ట్ దారి అలాంటిదే. నది పొంగినప్పుడల్లా అది కొట్టుకుపోయేది. నీటి దారిలో మన దారి వేసుకుంటే జరిగేది అదే. అందుకని కొండ నెత్తిమీంచి పోదామన్నారు. 1881లో జాన్ టాసీ అనే కాంట్రాక్టరు పని మొదలుపెట్టి, కొద్ది కిలోమీటర్లు వేసి దివాలా తీశాడు. 1883 చివర్లో థామస్ బెయిన్ అందుకున్నాడు. తండ్రి ఆండ్రూ గెడ్డెస్ బెయిన్ కూడా కనుమదారులు వేసినవాడే. కొడుకు తన జీవితంలో 20కి పైగా వేశాడు. ఈ దారికి అతని చేతికిచ్చిన మనుషులు 200కు పైగా ఖైదీలు. పనిముట్లు గునపం, పార, సమ్మెట, నాటుమందు. మందు పెట్టలేని బండ దగ్గర మంట వేసి, బాగా కాలాక చన్నీళ్ళు కుమ్మరించేవారు. రాయి దానంతటదే పగిలేది. 1888 జనవరిలో దారి తెరిచారు. సుమారు 1,580 మీటర్ల ఎత్తుకెక్కి దిగే ఆ దారి మీద ఇప్పటికీ తారు లేదు.

మలుపు దగ్గర ఆగి కిందికి చూస్తే తెలుస్తుంది, మనం నిలబడ్డది కొండ మీద కాదు, గోడ మీద. లోయవైపు మనిషెత్తుకి ఎన్నో రెట్లు లేచిన రాతికట్టు. సున్నం లేదు, సిమెంటు లేదు. పొడుగాటి రాయిని మనమైతే నలుగురికీ కనబడేలా అడ్డంగా పెట్టుకుంటాం. ఇక్కడ దాని పొడుగంతా లోపలికి, కొండ కడుపులోకి పోయింది. బయటికి కనిపించేది మొహం మాత్రమే. పై వరస కింది వరస కన్నా ఒక పిసరు వెనక్కి జరిగి, గోడ మొత్తం కొండ మీదికి వాలినట్టుంటుంది. పైన బరువు పెరిగేకొద్దీ రాళ్ళు మరింత బిగుస్తాయి తప్ప జారవు. రెండు రాళ్ళ అతుకు మీద మూడో రాయి నడుం పడుతుంది. సందుల్లో చిప్పరాళ్ళు దిగ్గొట్టారు. వేలు పెట్టి కదపబోతే కదలవు.

సున్నం పెట్టకపోవడం పేదరికమనుకుంటే పొరపాటు. వానకాలం కొండ నీళ్ళు గోడ వెనక చేరతాయి. సందులు మూసేసిన గోడ అయితే ఆ నీటి బరువుకి కడుపుబ్బి ఒకనాడు లోయలోకి కూలుతుంది. ఈ గోడ ఎక్కడికక్కడ నీటిని వదిలేస్తుంది. కింద లోయ దారుల్ని నీళ్ళు ఎత్తుకుపోవడం చూసినవాడు బెయిన్. సెవెన్‌వీక్స్ అనే లోయదారి వేసింది తనే. ఆ అనుభవం ఈ సందుల్లో ఉంది.

కనుమ దగ్గర చెప్పుకునేదంతా బెయిన్ పేరే. న్యాయమే, ఆలోచన అతనిది. కానీ ప్రతి రాయినీ ఎత్తి, తిప్పి, ఏ మొహం బయటికి రావాలో, ఏ కొస లోపలికి పోవాలో చూసుకున్న కళ్ళు ఖైదీలవి. వాళ్ళలో ఎంతమంది అంతకు ముందు రాతిపని ఎరిగినవాళ్ళు? కింది వరసల్లో రాళ్ళు కాస్త అడ్డదిడ్డంగా ఉండి, పైకొచ్చేసరికి అతుకులు సన్నబడ్డ చోటు ఒకటి కంటబడితే, పని నేర్చుకుంటూ కట్టారేమో అనిపిస్తుంది. నా ఊహే కావచ్చు.

వాన వెలిసిన మర్నాడు చూడాలి ఆ గోడని. పైన దారి ఆరిపోయి దుమ్ము లేస్తూ ఉంటుంది. కింద రాళ్ళ సందుల్లోంచి ఇంకా చుక్కలు కారుతూ, కారినచోట పాకుడు పచ్చగా పట్టి ఉంటుంది.