గుండు జాడ తెలిపిన ధ్వని

1881 జూలై 2న కాల్పులకు గురియైన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహములో గుండును వెదకిన విధమును గ్రాహం బెల్ 1882లో ఒక వ్యాసమున వివరించెను. తీగచుట్టల సాధనము లోహమును సమీపించినపుడు టెలిఫోనులో ధ్వని పుట్టును. టెలిఫోను తీగలలో ఒకటి సూదికి, రెండవది చర్మముపైనున్న లోహపు రేకుకు కలిపినచో, మాంసములో సూదిమొన సీసమును తాకగానే దేహమే బ్యాటరీయై చిటుకుమను శబ్దము వినవచ్చును.

మంచములోని ఉక్కుతీగలే ప్రయత్నమును చెరచినవని పెక్కు పుస్తకములు వ్రాయును. బెల్ అట్టి పరుపునే మరల పరీక్షించి, ఆ సాకును త్రోసివేసెను. ఇదియే వ్యాసమునకు వన్నె.

వైద్యులు గుండు కుడివైపున నున్నదని నమ్మిరి. శవపరీక్షలో అది ఎడమవైపున, లోతుగా కనబడెను. వెదకు చోటు తప్పైనచో చెవి యేమి చేయగలదు? పరికరముతోపాటు ఈ పాఠమును కూడ ఉపాధ్యాయులు బోధింపవలెను.