ఒక్క ఆక్సిజన్ తేడా

ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పుణ్యమా అని బాలానగర్ వాళ్లకు కెమిస్ట్రీ అంటే రియాక్టర్లు, డ్రమ్ములు, ఘాటు వాసన. ఆ ఆవరణలోనే 2007లో ఫార్మా విద్యాసంస్థ నైపర్ వచ్చింది. ఫార్మా చదివి నా దగ్గర ల్యాబ్ పని నేర్చుకునే పిల్లలు మాత్రం మైక్రోలీటర్లతో కుస్తీ పడతారు. డీఎన్ఏ పనికి వాళ్ల చెయ్యి త్వరగానే తిరుగుతుంది. ఆర్ఎన్ఏ దగ్గరికొచ్చేసరికి మడి మొదలు. గ్లౌజుతో తలుపు పిడి పట్టుకున్నా, ఫోను ముట్టుకున్నా అది పారేసి వేరేది తొడుక్కోవాల్సిందే.

కిటుకంతా చక్కెరలో ఉంది. ఆర్ఎన్ఏలోని రైబోజ్‌కు రెండో కార్బన్ మీద ఓహెచ్ ఉంటుంది. డీఎన్ఏలో ఆ చోట ఉత్త హైడ్రోజనే. ఈ ఓహెచ్ ఊరుకునే రకం కాదు. క్షారం తగిలితే పక్కనున్న ఫాస్ఫేట్ మీదికెళ్లి గొలుసు తెంపేస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే డీఎన్ఏ పోగులు రెండూ విడిపోతాయి గానీ తెగవు. ఆర్ఎన్ఏ ముక్కలు ముక్కలవుతుంది. ఆర్ఎన్ఏను తెంపే, మన చర్మం మీది ఆర్ఎన్ఏస్ ఎంజైములు కూడా ఆ ఓహెచ్‌తోనే పని కానిస్తాయి. వాటిలో కొన్ని మరిగించినా ఒక పట్టాన చావవు.

ఇక ఆర్ఎన్ఏలోని యురాసిల్‌కు బదులు డీఎన్ఏలో ఉండే థైమిన్ సంగతి. సైటోసిన్ అప్పుడప్పుడు తనంతట తానే యురాసిల్‌గా మారుతుంటుంది. డీఎన్ఏలో యురాసిల్ ఉండకూడదు కాబట్టి కణం దాన్ని పట్టేసి, తీసేసి, సరిచేస్తుంది. ఆర్ఎన్ఏలో మామూలుగానే యురాసిల్ ఉంటుంది కనుక తప్పేదో ఒప్పేదో తేలదు. కాసేపుండి పోయేదానికి అంత కాపలా ఎందుకులెండి.

పిల్లల్ని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఏటీపీ గురించి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. శక్తి పాఠంలో బట్టీ పట్టిన ఆ ఏటీపీయే, ఓహెచ్‌తో సహా, ఆర్ఎన్ఏ గొలుసులో ‘ఏ’ అక్షరానికి ముడిసరుకు అంటే తెల్లమొహం వేస్తారు. రెంటినీ వేర్వేరు పాఠాల్లో దాచిన పుస్తకాలదే ఆ తప్పు.

2020లో హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు పొడి స్వాబ్‌ను బఫర్‌లో ముంచి, వేడిచేసి, ఆర్ఎన్ఏను విడిగా శుద్ధి చేయకుండానే కరోనా పరీక్ష చేసి చూపించారు. నవంబరులో ఐసీఎంఆర్ సరేనంది. ఇది విన్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: “మరి మాకెందుకు సార్ ఈ గ్లౌజులు?” స్వాబ్ మీది వైరస్ ఆర్ఎన్ఏకు పైన తొడుగుంటుంది. మా ట్యూబులోది శుద్ధి చేసింది, దానికేమీ లేదు.