చెవితో వేసే గేరు

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో, పాత ఆవిరి ఇంజన్ల మధ్య ఒక ఎర్రటి బండి ఉంటుంది. అది పట్టాల మీద నడిచేది కాదు. ఇంగ్లండులోని సాల్‌ఫోర్డ్‌లో జాన్ మోరిస్ కంపెనీ 1914లో తయారుచేసిన ఫైరింజన్. నిజాం వారి రైల్వే దాన్ని తెప్పించుకుని దశాబ్దాల పాటు మంటలార్పడానికి వాడింది. దానికి గాలి టైర్లు లేవు, గట్టి రబ్బరు తొడుగులున్న చక్రాలే. ముసలిబండి కదా అని మ్యూజియంవాళ్లు దాన్ని మూలన పెట్టలేదు. 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక నడుపుతున్న పాతకార్ల ర్యాలీలో అది ఎన్నో ఏళ్లు బారాఖంబా రోడ్డు మీదికి వచ్చింది, తన ఇంజన్‌తో, తన చక్రాల మీద.

దానితో కలిపి తలుచుకోవలసిన బండి ఇంకొకటి హైదరాబాదులో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన కోసం చేయించుకున్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. 1911లో ఆయన కన్నుమూశాక గానీ కారు ఊరు చేరలేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. వందేళ్లు దాటిన ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్లే.

రెండూ ఒకే రాజ్యం బండ్లు. జీవితంలో ఒక్కసారైనా ఎరగవలసిన కార్లు ఏవని ఎవరైనా అడిగితే నా మనసు ఫైరింజన్ వైపే పోతుంది. ఖరీదు, వేగం, అందం చూసి రాసుకునే జాబితాలు చాలా ఉన్నాయి. నేను చూసేది ఒక్కటే: ఆ కారు నడిపేవాడి ఒంటికి ఏం నేర్పింది? చెవికో, ఎడమకాలికో, వేళ్లకో ఒక కొత్త విద్య అబ్బితే అది గొప్ప కారు.

నాకు అలా మొదట నేర్పింది అంబాసిడర్. మా మావయ్య విజయవాడలో టాక్సీ నడిపేవాడు. ముందు సీటు సోఫాలా ఒకటే పలక. గేరు కర్ర స్టీరింగ్ కిందే, ఎడమచేతికి అందేలా ఉండేది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఒక మలుపులో ముందు బండి నెమ్మదించింది. సెకండ్ గేరులో మా బండి ఊపిరందక వణికింది. మావయ్య బండి ఆపకుండానే ఫస్టులోకి దించాడు. చిన్న చప్పుడైనా లేదు. తర్వాత అదే నేను చేయబోతే కింద ఎవరో ఇనప రేకు మీద గునపంతో గీసినట్టు అరిచింది. "చేత్తో కాదురా, చెవితో వెయ్యాలి" అన్నాడు.

ఆ పాత నాలుగు గేర్ల అంబాసిడర్‌లో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ ఉండదు. గేరు మారేటప్పుడు కలవవలసిన రెండు భాగాలు వేరువేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటిని సమం చేసే చిన్న ఇత్తడి రింగే సింక్రోమెష్‌కు ప్రాణం. అది లేనిచోట ఆ పని డ్రైవరే చెయ్యాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటర్ కాస్త ఇవ్వాలి. ఇంజన్ గొంతు పైకి లేచి, కింది గేరులో ఈ వేగానికి ఎంత మోగాలో అంత మోగిన క్షణాన మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. తొందరపడినా, తాత్సారం చేసినా పళ్లు కొరుకుతుంది. సరిగ్గా కుదిరితే వెన్నలో కత్తి దిగినట్టు పడుతుంది. ఆ శ్రుతి ఏ మీటరులోనూ కనపడదు. అందుకే చెవి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1958 నాటికి రోడ్డెక్కిన అంబాసిడర్‌ను కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 2014 దాకా చేశారు. ఢిల్లీలో అది తెల్లరంగు వేసుకుని మంత్రులనూ, నలుపు పసుపు వేసుకుని స్టేషన్ ప్రయాణికులనూ మోసింది. అధికారం గుర్తుగా దాని గురించి చాలామంది రాశారు. ఆ తెల్లకారు ముందు సీట్లో కూర్చున్నవాడి ఎడమకాలి నైపుణ్యం గురించి మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. నాకు అది పెద్ద లోటుగానే తోస్తుంది.

బొంబాయి ఫియట్, అంటే ప్రీమియర్ పద్మిని, ఇంకో పాఠం. ఢిల్లీ జనవరి పొద్దుల్లో చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ ఇవ్వాలి. ఇంజన్ వేడెక్కేకొద్దీ చోక్‌ను అంగుళం అంగుళం లోపలికి నెట్టాలి. తొందరగా నెడితే ఆగిపోతుంది, మరిచిపోతే పెట్రోలు తాగేస్తుంది. ఓపిక నేర్పే కారు.

ఇక గుర్‌గావ్ బిడ్డ మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్ చేతిలో పెట్టారు. డీఐఏ 6479 అనే దాని నంబరు కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇప్పటికీ నోటికి వస్తుంది. ఆయన 2010లో పోయేదాకా ఆ కారు అమ్మలేదు. మూడు సిలిండర్లు, 796 సీసీ, దాదాపు 650 కిలోల బరువు. టన్ను దాటిన అంబాసిడర్ నుంచి దిగి ఇందులో కూర్చుంటే సైకిలెక్కినట్టుంటుంది. ఇంజన్ అడ్డంగా పడుకుని ముందు చక్రాలను తిప్పుతుంది. వెనక నుంచి నెట్టే బండ్లకు అలవాటుపడిన చేతులు ఇక్కడ కొత్తగా నేర్చుకోవాలి. మలుపులో స్టీరింగ్ సన్నగా లాగుతుంది, ఎక్కువ వేగంతో దూరితే ముక్కు బయటికి పోతుంది. అప్పుడు ఇంకా తిప్పడం కాదు, యాక్సిలరేటర్ కొంచెం వదలాలి. ముందు చక్రాల మీద బరువు పడి ముక్కు మళ్లీ లోపలికి వస్తుంది. పవర్ స్టీరింగ్ లేని ఆ చిన్న చక్రంలో రోడ్డు మీది గరుకంతా వేళ్లకు తెలిసిపోయేది. ఇప్పటి పెద్ద కార్లలో నాకు దొరకనిది అదే. తేలిక కారు కంటే నిజం చెప్పే కారు లేదని నా నమ్మకం.

అదే గుర్‌గావ్‌లో పుట్టిన జిప్సీ గురించి సైనికులూ ర్యాలీ డ్రైవర్లూ నా కంటే బాగా చెప్తారు. ఒక్క మాట మాత్రం చెప్తాను. నిలువు దిగుడులో గేరు కర్ర పక్కనుండే రెండో కర్రను, చక్రాలను మరీ నెమ్మదిగా తిప్పే లో రేంజ్‌లో వేసి, ఫస్ట్ గేరులో, బ్రేకు మీంచి కాలు తీసెయ్యాలి. ఇంజనే బండిని పట్టుకుని దించుతుంది. కాలు తీయడానికి కావలసిన ధైర్యమే అక్కడి విద్య.

వేగం కావాలంటే ఢిల్లీ రోడ్లు దానికి చోటు కాదు. గ్రేటర్ నోయిడా దాటితే బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. ఐదు కిలోమీటర్లు దాటిన పొడవు, 16 మలుపులు. 2011 అక్టోబరు 30న మన దేశంలో మొదటి ఫార్ములా వన్ రేసు ఇక్కడే జరిగింది. జరిగిన మూడేళ్లూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. ట్రాక్‌డేల్లో మామూలువాళ్లూ ఇక్కడ నడపొచ్చు. కిలోమీటరు దాటిన తిన్నని దారి చివర అందరూ ఒకే పాఠం నేర్చుకుంటారు. టైరుకున్న పట్టు ఎంతో అంతే. దాన్ని బ్రేకుకూ మలుపుకూ పంచాలి. అందుకే తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి, చక్రం తిప్పుతున్నకొద్దీ పాదం మెల్లగా వదలాలి. మావయ్య ఘాట్ రోడ్డు మీద చెవితో చేసింది ఇక్కడ అరికాలితో చెయ్యాలి.

ఈ విద్యలన్నీ బతకాలంటే ఆ బండ్లు కదలాలి. నా బాధ అక్కడే. 10 ఏళ్లు దాటిన డీజిలు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత వాదనలూ సవరణలూ సాగుతున్నాయి. ఈ ఊరి గాలి పీల్చే మనిషిగా కాలుష్యం గురించిన ఆందోళన నాకూ ఉంది. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇచ్చింది. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, ప్రదర్శనలకూ ర్యాలీలకూ బయటికి తీయొచ్చు. మరి 15కీ 50కీ మధ్య? మారుతి 800లు, కాంటెస్సాలు, పాత జిప్సీలు అన్నీ ఆ ఖాళీలోనే ఉన్నాయి. రాజుల కార్లు గట్టెక్కాయి, గుమాస్తాల కార్లు తుక్కుకి పోతున్నాయి. మొదటి మారుతికి 50 నిండేది 2033 డిసెంబరులో. అప్పటికి నడిచే స్థితిలో ఎన్ని మిగులుతాయి? ఏడాదికి కొన్ని రోజులైనా, రోజువారీ వాడకానికి కాకుండా, వాటికీ ఒక తలుపు తెరవాలి.

గుర్‌గావ్ అవతల తావడూలో 2013 నుంచి ఉన్న హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంకు మొన్న చలికాలంలో మా అమ్మాయిని తీసుకెళ్లాను. తిరిగి వస్తూ సోహనా అవతల ఒక మిత్రుడి పొలం దగ్గర ఆగాం. అతని దగ్గర 1972 నాటి మార్క్ టూ అంబాసిడర్ ఉంది. పొలం బాట మీద దాన్ని మా అమ్మాయి చేతికిచ్చాడు. ఫోన్లతో పెరిగిన పిల్ల, ఆటోమేటిక్ తప్ప ఎరగదు. మొదటిసారి గేరు గరగరలాడింది. రెండోసారి బండి ఆగిపోయింది. పక్కన కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించి, తల కాస్త పక్కకు వంచి, ఇంజన్‌ను వింది. మూడోసారి చప్పుడు లేకుండా పడింది.