దానార్ణవుని జ్యేష్ఠత్వం: వేంగి చాళుక్య వంశావళుల్లో రెండు మౌనాలు

కీలక పదాలు: వేంగి చాళుక్యులు, తామ్రశాసనాలు, వంశావళి, జ్యేష్ఠత్వం, ఆదిపర్వం

1. ప్రవేశిక

బెజవాడలోని యుద్ధమల్లుని శాసనం సాహిత్య విద్యార్థులకు మధ్యాక్కర ఛందస్సు వల్ల సుపరిచితం. ఆ పద్యాలపై జరిగినంత చర్చ, ఆనాటి దాయాదుల పోరుపై సాహిత్య విమర్శలో జరగలేదు. 10వ శతాబ్దంలో కృష్ణా గోదావరుల నడిమి నేలకోసం చాళుక్య జ్ఞాతులు పలుమార్లు తలపడ్డారు. రెండవ యుద్ధమల్లుణ్ణి తొలగించి రాజైన రెండవ చాళుక్య భీమునికి ఇద్దరు భార్యల వల్ల ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దానార్ణవుడు. లోకాంబకు పుట్టిన చిన్నవాడు రెండవ అమ్మరాజు. 945లో పట్టం చిన్నవానికి దక్కింది. జ్యేష్ఠుణ్ణి తప్పించిన ఈ ఘటనను ఆ వంశపు శాసనాలు ఎలా చెప్పాయి, దేనిని చెప్పకుండా వదిలాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

2. తిథి ఉంది, కారణం లేదు

అమ్మరాజు పట్టాభిషేక కాలాన్ని శాసనకర్త 'గిరి, రస, వసు' అనే సంఖ్యాసంకేతాలతో శక సంవత్సరం 867గా చెప్పి, మాసం, తిథి, వారం, నక్షత్రం కూడా పేర్కొన్నాడు. కాలాన్ని ఇంత నిక్కచ్చిగా చెప్పిన రచన, అన్న ఉండగా తమ్ముడు ఎలా రాజయ్యాడో చెప్పదు. లోకాంబ హోదాయే కారణమని ఊహించవచ్చు. కాని ఆ ఊహను శాసనసాక్ష్యంగా చెల్లించరాదు. ముహూర్తబలాన్ని అంతగా చాటవలసి రావడం, వయసు బలం లేని రాజుకు ఉన్న అవసరాన్ని సూచిస్తుందని మాత్రం అనవచ్చు.

3. జ్యేష్ఠుని సొంత గొంతు

దానార్ణవునికి మాట్లాడే అవకాశం 956 ప్రాంతంలో వచ్చింది. కాకర్త్య గుండ్యన కోరికపై నతవాడి సీమలోని మాంగల్లు గ్రామాన్ని దానమిస్తూ వేయించిన శాసనం అతనిదే. కాకతీయుల పూర్వచరిత్రకు ఆధారంగా పరిశోధకులు దీనిని ఎక్కువగా వాడుకున్నారు. అమ్మరాజు 11 ఏళ్ళు ఏలి, కృష్ణుని కోపం వల్ల కళింగానికి వెళ్ళాడని, సవతి సోదరుడైన దానార్ణవునికి వల్లభుని వల్ల రాజ్యం లభించిందని ఇది చెబుతుంది. ఆ కృష్ణుడు, ఆ వల్లభుడు ఒక్కరే: రాష్ట్రకూట మూడవ కృష్ణుడు. తప్పించబడిన జ్యేష్ఠుడు ఎట్టకేలకు గద్దెనెక్కినప్పుడు అతని శాసనం రాజ్యప్రాప్తికి చూపిన మార్గం పెద్దరికం కాదు, బలవంతుని అనుగ్రహం. వయసు వల్ల వచ్చే హక్కు ఆ కాలంలో వాదానికి పనికివచ్చేదే కాని, సింహాసనాన్ని నిలబెట్టగలిగేది కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

4. మనుమడు కూర్చిన వరుస

అమ్మరాజు తిరిగి రాజ్యానికి వచ్చాడు. 970లో దానార్ణవుడు అతణ్ణి చంపి రాజయ్యాడని, 973లో జటాచోడ భీముడు దానార్ణవుణ్ణి చంపాడని చరిత్రకారులు చెబుతారు. దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల ఆశ్రయం పొందారు. విమలాదిత్యుని కొడుకు రాజరాజ నరేంద్రుడు.

రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి శాసనంలోని వంశావళి అమ్మరాజుకు 25 ఏళ్ళు, దానార్ణవునికి 3 ఏళ్ళు లెక్కగట్టింది. తాతకు అడ్డుపడిన తమ్ముణ్ణి నిందించలేదు. తాత చేసిన హత్యనూ ప్రస్తావించలేదు. ఇది మొదటి మౌనం. ఆపై 27 ఏళ్ళు వేంగి నేల నాథుడు లేక ఉన్నదని చెప్పింది. జటాచోడ భీముడు ఏలిన కాలం అదే. అతని పేరు లేదు. ఇది రెండవ మౌనం.

ఈ రెండూ ఒకే జాతివి కావు. మొదటిది దాయాదిని వరుసలో నిలుపుతుంది, రెండవది పరాయివాణ్ణి వరుస నుంచి తుడిచివేస్తుంది. అమ్మరాజును అక్రమ పాలకుడంటే గొలుసులో ఒక కొక్కెం తెగుతుంది. ఆ తెగిన చోట రాజరాజ నరేంద్రుని హక్కు కూడా వేలాడుతుంది. అందుచేత వంశావళి అన్యాయాన్ని ఒప్పుకోదు, న్యాయాన్ని చాటుకోదు. ఏళ్ళు మాత్రమే లెక్కపెడుతుంది.

5. వంశావళి చెప్పనిది, భారతం చెప్పినది

ఈ రాజే నన్నయను భారతం తెనిగించమన్నాడు. పాండవులు తన వంశకర్తలు కనుక వారి చరితం వినాలనే కోరిక అవతారికలో ఉంది. విమర్శకులు దీనిని వంశాభిమానంగా, ధర్మాసక్తిగా వ్యాఖ్యానించారు. అయితే ఆదిపర్వంలో చంద్రవంశ కథ జ్యేష్ఠుణ్ణి తప్పించిన కథే: యదువు ఉండగా యయాతి పూరునికి పట్టం కట్టాడు; పెద్దవాడైన ధృతరాష్ట్రుడు అంధుడైనందున పాండురాజు ఏలాడు. శాసనం దాచిన 'ఎందుకు' అనే ప్రశ్నకు కావ్యం ప్రతిసారీ ఏదో ఒక కారణం చెబుతుంది, ఆ కారణం ఫలితాన్ని తరాల పాటు చూపుతుంది. రాజరాజ నరేంద్రుడు స్వయంగా సవతి సోదరుడు ఏడవ విజయాదిత్యునితో పోరాడినవాడు. కొల్లేటి చేరువలోని కలిదిండి శాసనం, కన్నాట సైన్యంతో పోరాడి పడిన చోళ సేనానుల స్మృత్యర్థం అతడు శివాలయాలు నిలిపినట్లు చెబుతుంది. నన్నయ రాజగృహ రహస్యాన్ని సంకేతించాడని నిరూపించే ఆధారం లేదు, ఆ వాదన అవసరం లేదు కూడా. అటువంటి సభలో ఆ కథ ఉత్త పురాణంగా మాత్రమే వినిపించి ఉండదన్నది చాలు.

6. ముగింపు

పాఠ్యగ్రంథాలు దానార్ణవుణ్ణి ఒకచోట వంచితుడని, మరొకచోట దురాక్రమణదారని అంటాయి. కోరుమిల్లి వంశావళిలో ఈ రెండు మాటలకూ తావు లేదు. అవి మన కాలపు తీర్పులు. తామ్రశాసన వంశావళిని రాజుల పట్టికగా కాక, ప్రయోజనం గల రచనగా చదవాలి. అప్పుడు 25, 3, 27 అనే అంకెలు కాలగణన మాత్రమే కావు. ఎవరిని కలుపుకోవాలో, ఎవరిని మరిచిపోవాలో నిర్ణయించిన ఒక కుటుంబపు వాదన.