ట్రిప్పు కాని బ్రేకరు

ఆలూరు పొలాల్లో బోరు స్టార్టరు ట్రిప్పయితే రైతు కారణం వెతుకుతాడు. బెంగళూరులో జావా రాసే ఆలూరు, ఆదోని పిల్లలది తిరగబడ్డ చిక్కు: పడిపోయిన సర్వీసుకు కాల్స్ ఆపేందుకు కోడ్‌లో ట్రిప్పవ్వాల్సిన సర్క్యూట్ బ్రేకరు అవ్వదు. మెథడ్ మీద బ్రేకరు అనొటేషన్ ఉంటుంది, అవతలి సర్వీసు పడిపోయి ఉంటుంది, కాల్స్ మాత్రం పోతూనే ఉంటాయి.

చేయి తిరిగినవాళ్లు ముందు ఆ మెథడ్‌ని ఎవరు పిలుస్తున్నారో చూస్తారు. స్ప్రింగ్‌లో అనొటేషన్ పనిచేసేది ప్రాక్సీ ద్వారా. అదే క్లాసులోని మరో మెథడ్ నేరుగా పిలిస్తే ప్రాక్సీకి ఆ సంగతే తెలియదు. పైగా ఎర్రర్ కూడా రాదు! మెథడ్ లోపలే ఎక్సెప్షన్‌ని పట్టి మింగేసినా అంతే, బ్రేకరు లెక్కలో అది విజయమే. వాడేది రెసిలియెన్స్‌ఫోర్‌జే లైబ్రరీ అయితే, సెట్టింగు మార్చకపోతే, 100 కాల్స్ నిండందే వైఫల్య శాతమే కట్టదు. పది కాల్స్ కొట్టి లైబ్రరీని తిట్టేవాళ్లకు ఈ ముక్క ఓపిగ్గా చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.